బ్రతికియున్న కణమును ప్రశ్నించు విధము

జీవపదార్థమునందు జరుగు రసాయనక్రియలను తెలిసికొనగోరిన శాస్త్రజ్ఞుడు చిరకాలము ఒక విచిత్రమైన చిక్కులో పడియుండెను. కాలేయమునందు గాని, కండరమునందు గాని ఏ పదార్థము ఎంత యున్నదో తెలియవలెనన్న, ఆ భాగమును దేహమునుండి వేఱుచేసి, మెత్తగా నూఱి, ఆమ్లముతో కలిపి, వడగట్టి, ఆ వడపోసిన సారములో వెదకవలసి యుండెను. అట్లు వెదకగా దొరకిన సమాధానము సత్యమే యైనను, అది ప్రాణము పోయిన పిదప మిగిలిన సత్యము. కణము బ్రతికియున్నపుడు ఆ పదార్థము ఏ మూల నుండెను, ఏ క్షణమున హెచ్చి ఏ క్షణమున తగ్గెను, అది హెచ్చుటకు ముందేమి జరిగెను, హెచ్చిన పిదప నేమి జరిగెను అను ప్రశ్నలకు ఆ సారము బదులు చెప్పజాలదు.

ఇట్లనుటవలన ఆ ప్రాచీనపద్ధతిని చిన్నచూపు చూచితినని పాఠకులు తలంపరాదు. భీమవరమున జన్మించి హార్వర్డు వైద్యకళాశాలలో పరిశోధన సాగించిన యెల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి, భాస్వరమును నీలవర్ణపు గాఢతను బట్టి కొలుచు విధానమును 1925 లో ప్రకటించెను. ఆ విధానముతో కండరపు సారమును పరీక్షించుచుండగా, రంగు రావలసిన వేగముతో రాక మెల్లమెల్లగా ముదురుచుండుటను వారిరువురును గమనించిరి. ఆ ఆలస్యమును పరీక్షలోని లోపమని త్రోసివేయక, కారణమును వెదకి, అంతవరకు శాస్త్రలోకమునకు తెలియకుండిన ఫాస్ఫోక్రియాటిను అను సున్నితపదార్థము పరీక్షాద్రవములోని ఆమ్లము సోకి విడిపోవుచుండుటయే దానికి మూలమని 1927 లో తేల్చిరి. 1929 లో ఎ.టి.పి. అను శక్తివాహకమును గూడ కండరమునుండి వేఱుచేసిరి. కండరశక్తిని గూర్చిన నేటి జ్ఞానమంతయు ఈ పునాదిమీద లేచినదే. అయినను, కొలుచుటకై కలిపిన ద్రవ్యమే కొలువబడు పదార్థమును విడగొట్టుచుండెనను విషయము ఇందు మఱువరానిది. సుబ్బారావు వంటి మేధావి గనుక ఆ విడిపోవుటనుండియే క్రొత్తసత్యమును పిండగలిగెను. కాని కణమును చంపక, దాని నడకకు అడ్డుతగులక, లోపలి రసాయనమును అది జరుగుచున్నచోటనే, జరుగుచున్నపుడే చూపగల సాధనము వేఱుగా కావలసియుండెను. అట్టి సాధనములలో నేడు ప్రపంచమందలి జీవశాస్త్ర ప్రయోగశాలలన్నింటను నెలకొన్నవి ప్రతిదీప్తి శోధకములు.

ప్రతిదీప్తి యనగా ఒక రంగు వెలుగును గ్రహించి వేఱొక రంగు వెలుగును వెలువరించు గుణము. మలేరియా జ్వరమునకు వాడు క్వినీను ద్రావణము పైభాగమున, సూర్యకాంతి సోకినచోట, అందమైన నీలిచ్ఛాయ యొకటి కనబడుటను జాన్ హెర్షెల్ 1845 లో వర్ణించెను. కంటికి కానరాని అతినీలలోహిత కిరణములే ద్రావణములో ప్రవేశించి, కంటికి కనబడు నీలికాంతిగా మాఱి వెలువడుచున్నవని కేంబ్రిడ్జి పండితుడు జార్జి గేబ్రియల్ స్టోక్స్ 1852 లో నిరూపించెను. వెలుగును గ్రహించిన అణువు ఉత్తేజితమై, సెకనులో నూఱుకోట్లవ వంతులు కొన్ని మాత్రమే ఆ స్థితిలో నిలిచి, గ్రహించిన శక్తిలో కొంత వేడిగా కోల్పోయి, తక్కిన దానిని వెలుగుగా విడిచిపెట్టును. శక్తి కొంత తగ్గినది గనుక వెలువడు కాంతి తరంగదైర్ఘ్యము గ్రహించిన కాంతి తరంగదైర్ఘ్యముకంటె దీర్ఘముగా నుండును.

స్వల్పముగా దోచు ఈ వ్యత్యాసమే శోధకముల ప్రయోజనమునకు ప్రాణము. పంపిన కాంతిని వర్ణఫలకముచే పూర్తిగా ఆపివేసి, అణువులు తమంతట వెలువరించిన కాంతిని మాత్రమే సూక్ష్మదర్శినిలోనికి రానిచ్చినచో, చీకటి నేపథ్యముమీద ఆ అణువులు మాత్రమే వెలుగుచుండును. రంగు గల ద్రవ్యమును వెల్లని వెలుతురులో చూచునపుడు, వచ్చు కాంతిలో ఎంత తగ్గినదో లెక్కింపవలెను. పెద్దమొత్తములో కొంచెము తగ్గుదలను గుర్తించుట కష్టము. ప్రతిదీప్తియందు శూన్యముమీద ఎంత హెచ్చినదో చూచినచాలును. అత్యల్పపరిమాణములలో నుండు పదార్థములను సైతము కణము లోపల పసిగట్టుటకు వీలు కలిగినది ఇందువలననే.

అయితే వెలుగుట యొక్కటియే చాలదు. ఏ పరిస్థితియందైనను ఒకే తీరున వెలుగు అణువు తా నెక్కడ నున్నదో చెప్పునే కాని, తన చుట్టును ఏమున్నదో చెప్పజాలదు. శోధకమనిపించుకొనవలెనన్న, ఒక నిర్ణీతమైన పదార్థము వచ్చి తన్ను తాకినపుడు దాని వెలుగు మాఱవలెను. ఇతరపదార్థములు తాకినపుడు మాఱరాదు. ఆ పదార్థము విడిచిపోయినంతనే పూర్వస్థితికి రావలెను. ఇట్టి అణువును నిర్మించుట ఎంతటి రసాయనశిల్పమో తెలియుటకు కాల్షియము కథను మించిన ఉదాహరణము లేదు.

లండను వైద్యుడు సిడ్నీ రింగర్ కప్పగుండెను ఉప్పునీటిలో నుంచి అది చాలసేపు కొట్టుకొనుచుండుటను చూచెను. పిమ్మట ఆ ద్రావణము స్వేదనజలముతో కాక నగరమునకు వచ్చు గొట్టపునీటితో చేయబడినదని తెలియగా, 1883 లో ఆ సంగతిని దాపఱికము లేక ప్రకటించి, స్వేదనజలముతో చేసిన ద్రావణములో గుండె నిలిచిపోవుచున్నదనియు, గొట్టపునీటిలోని కాల్షియమే దానిని కొట్టించుచున్నదనియు స్థాపించెను. అప్పటినుండి కండరము ముడుచుకొనుటకు, గ్రంథులు స్రవించుటకు, నాడులు వార్తలు పంపుటకు కాల్షియమే సంకేతమన్న అనుమానము బలపడుచు వచ్చెను. కాని దానిని చూచుట యెట్లు? కణము వెలుపలి ద్రవములో కాల్షియము లీటరుకు మోలులో వేయవ వంతు ప్రాంతమున నుండగా, విశ్రాంతిలోనున్న కణము లోపల స్వేచ్ఛగా తిరుగు కాల్షియము మోలులో కోటియవ వంతు మాత్రమే. వ్యత్యాసము ఇంచుమించు పదివేల రెట్లు. కణమును నూఱినంతనే వెలుపలిది, లోపలిది, లోపలి సంచులలో దాచబడినది, ప్రోటీనులకు అంటియున్నది అంతయు కలిసిపోవును; కొలిచినది దేని లెక్కయో తెలియదు.

మొదటి వెలుగు సముద్రమునుండి వచ్చెను. జపాను దేశీయుడైన ఒసాము షిమొమురా, ప్రిన్స్‌టన్ ఆచార్యుడు ఫ్రాంక్ జాన్సనుతో కలిసి, 1961 వేసవిలో అమెరికా పశ్చిమతీరమందలి ఫ్రైడే హార్బరునందు సుమారు 10,000 జెల్లీచేపలను పట్టి, వాని అంచులలో మినుకుమను వెలుగునకు కారణమైన పదార్థమును వెలికితీయ యత్నించెను. పనికిరాదని తలచిన సారమును కొంత తొట్టిలో పాఱబోయగా, తొట్టిలోనికి పాఱుచుండిన సముద్రజలము సోకి అది ఒక్కసారిగా నీలముగా వెలిగెను; సముద్రజలములోని కాల్షియమే ఆ వెలుగును రగిల్చినదని షిమొమురా గ్రహించెను. ఈక్వోరిను అను ఆ ప్రోటీనును బార్నకిల్ అను సముద్రజీవి కండరతంతువులలోనికి సూదితో ఎక్కించి, కండరము బిగియుటకు ముందే లోపల వెలుగు లేచుటను రిడ్జ్‌వే, ఆష్లీ అను శాస్త్రజ్ఞులు 1967 లో చూపిరి. రింగర్ ఊహ ఇట్లు ప్రత్యక్షమయ్యెను. అయినను సూది గ్రుచ్చుటకు తగినంత పెద్దకణములు కావలెను. మనదేహమందలి కణములలో అత్యధికము ఆ శస్త్రచికిత్సకు ఓర్వలేనంత చిన్నవి.

ఈ అడ్డంకిని తొలగించినవాడు 1952 లో న్యూయార్కున జన్మించి కేంబ్రిడ్జిలో పరిశోధించుచుండిన రోజర్ ఛెన్ అను యువకుడు. కాల్షియమును గట్టిగా పట్టుకొను ఇ.జి.టి.ఎ. అను అణువు రసాయనికులకు అంతకుముందే తెలియును. దాని గొప్పతన మేమన, కణములో కాల్షియముకంటె వేల రెట్లు అధికముగా నున్న మెగ్నీషియమును అది పెద్దగా లక్ష్యపెట్టదు. దాని లోపమేమన, ఆమ్లత కొంచెము మాఱినను దాని పట్టు మాఱిపోవును. పైగా కాల్షియమును పట్టుటలో మందగొడితనము గలదు. వెలుగు మొదలే లేదు. ఛెన్ ఆ అణువులోని రెండు నైట్రోజనులకు చేరువగా నున్న చిన్న కర్బనపు లంకెలకు బదులు బెంజీను వలయములను కూర్చెను. ఆ ఒక్క మార్పుచేత నైట్రోజనులకు హైడ్రోజను అయానులమీది ఆసక్తి తగ్గి, కణములో సహజముగా నుండు ఆమ్లతలో దాని పట్టు స్థిరపడెను. కాల్షియమును గ్రహించుటలో వేగము హెచ్చెను. బెంజీను వలయములు వెలుగును గ్రహించు స్వభావము కలవి గనుక కాల్షియము చేరిక వాని కాంతిగుణములో మార్పుగా గోచరించెను. 1980 లో ప్రకటింపబడిన ఈ బి.ఎ.పి.టి.ఎ. అణువు నా దృష్టిలో ఇరువదవ శతాబ్దపు రసాయనశిల్పములలో ఉత్తమకోటికి చెందినది. ఎక్కడ నే పరమాణువును మార్చినచో ఏ దోషము తొలగునో ముందుగా తర్కించి, కాగితముమీద గీచి, తన చేతులతో తయారుచేసి, అనుకొన్న ఫలితమునే పొందుట అనునది ప్రకృతిలో దొరకినదానిని ఏరుకొనుటకంటె వేఱైన విద్య.

మిగిలినది దానిని కణములోనికి పంపుట. ఈ అణువునకు నాలుగు ఆమ్లభాగములుండి, ఋణవిద్యుదావేశము వహించియుండుటచేత, నూనెస్వభావము గల కణత్వచమును అది దాటజాలదు. ఛెన్ 1981 లో ఆ నాలుగు భాగములకును ఎసిటాక్సీమిథైల్ ఎస్టరులను ముసుగులుగా తొడిగెను. ముసుగు వేసికొన్న అణువునకు ఆవేశము లేదు గనుక అది త్వచము గుండ జారి లోపలికి పోవును. లోపల సహజముగా నుండు ఎస్టరేజు ఎంజైములు ఆ ముసుగులను కత్తిరించి పాఱవేయగా, ఆవేశము మరల వెల్లడియై, అణువు బయటికి రాలేక లోపలనే చిక్కుకొని పోవును. కణమే తన సొంత ఎంజైములతో శోధకమును తనలో బంధించుకొనునట్లు చేసిన ఈ యుక్తిచేత, సూది లేకయే, ఒక్కసారిగా లక్షలకొలది కణములలో శోధకమును నింపుట సాధ్యమయ్యెను. మఱుసటి సంవత్సరమే, పోజన్, రింక్ అను సహచరులతో కలిసి, లింఫోసైటు కణములలో కాల్షియము ఎంతయున్నదో ఛెన్ కొలిచెను.

అందుకు వాడిన, బి.ఎ.పి.టి.ఎ. నమూనామీద నిర్మించిన తొలిశోధకమైన క్విన్-2 వెలుగు మందమైనది. అందువలన దానిని మిక్కుటముగా నింపవలసి వచ్చెను. నింపినకొలది, కొలుచు కుంచమే గింజలలో కొంత తనలో దాచుకొన్నట్లు, శోధకమే కాల్షియమును పీల్చుకొని దాని హెచ్చుతగ్గులను మొద్దుబార్చుచుండెను. ఈ దోషమును తీర్చుటకు 1985 లో ఛెన్ బృందము బర్కిలీనుండి ఫ్యురా-2 ను వెలువరించెను. దీని వెలుగు అనేకరెట్లు ప్రకాశవంతము గనుక కొంచెము చాలును. కాని అంతకుమించిన విశేష మొకటి దీనియందు గలదు. కాల్షియము లేని ఫ్యురా-2 ముఖ్యముగా 380 నానోమీటర్ల కాంతిచేతను, కాల్షియము పట్టిన ఫ్యురా-2 ముఖ్యముగా 340 నానోమీటర్ల కాంతిచేతను ఉత్తేజితమగును. రెండింటను వెలువడునది 510 నానోమీటర్ల సమీపమందలి ఆకుపచ్చకాంతియే. ఒక కణములో ఒకచోట వెలుగు హెచ్చుగా నున్నదన్న, అచ్చట కాల్షియము హెచ్చుగా నున్నదో, కణము దళసరిగా నున్నదో, శోధకమే ఎక్కువగా పేరుకొన్నదో తెలియదు. 340 తో ఒకసారి, 380 తో ఒకసారి వెలిగించి, మొదటి వెలుగును రెండవదానిచే భాగించినచో, కణపు మందము, శోధకపు పరిమాణము, దీపపు హెచ్చుతగ్గులు రెండింటను సమానముగా నుండుటచే కొట్టివేయబడి, కాల్షియమును గూర్చిన వార్త మాత్రము మిగులును. ప్రతిదీప్తి వర్ణచిత్రముగానే మిగిలిపోక కొలమానముగా మాఱినది ఈ భాగహారముచేతనే యని నా దృఢాభిప్రాయము.

ఇట్టి శోధకములచేత కనబడిన దృశ్యములు జీవశాస్త్రమును మార్చివైచినవి. ఎలుక హృదయకణములలో ఫ్లువో-3 అను మఱొక ఛెన్ శోధకమును నింపి, కన్‌ఫోకల్ సూక్ష్మదర్శినితో పరికించిన చెంగ్, లెడరర్, కానెల్ అనువారు, కాల్షియము కణమంతటను ఒక్కమాఱుగా పొంగుట కాక, రెండు మైక్రోమీటర్ల మేర మాత్రము వ్యాపించి, సెకనులో నూఱవ వంతులు కొన్నింటిలో ఆఱిపోవు నిప్పురవ్వలవలె అక్కడక్కడ విడుదలయగుటను 1993 లో కనుగొనిరి. గుండె కొట్టుకొనునపుడు పొంగు కాల్షియము ఇట్టి వేలకొలది రవ్వల కలయికయే. ఏ వడపోసిన సారమునుండియు ఈ సంగతి ఎన్నటికిని తెలిసియుండెడిది కాదు.

కాల్షియమునకు చెప్పిన విధమే ఆమ్లతకును వర్తించును. బెయర్ 1871 లో తయారుచేసిన ఫ్లోరెసీను అను పాతరంగు ఆమ్లతలో వెలవెలబోవును. దానిని డెక్స్‌ట్రాను అను చక్కెరగొలుసునకు కట్టి, భక్షకకణములచేత మ్రింగించి, కణపు జీర్ణసంచులైన లైసోసోములలో పి.హెచ్. 4.8 ప్రాంతమున నున్నదని ఓకుమా, పూల్ 1978 లో కొలిచిరి. దానిచుట్టునున్న కణద్రవ్యముదో 7.2 సమీపము. మనదేశమున బెంగుళూరు జాతీయ జీవవిజ్ఞాన కేంద్రమునందు యమునా కృష్ణన్ బృందము ఈ మార్గములో మిక్కిలి నూతనమైన అడుగు వేసినది. వంశలక్షణములను మోయు డి.ఎన్.ఏ. పోగులనే కట్టడపు సామగ్రిగా గ్రహించి, ఆమ్లత పెరిగినపుడు కొసలు దగ్గఱకు ముడుచుకొనునట్టి సూక్ష్మయంత్రమును 2009 లో నిర్మించి, ఈగజాతికి చెందిన డ్రోసోఫిలా కణములలో మ్రింగబడిన సంచి క్రమక్రమముగా ఆమ్లమగుటను చూపినది. కొసలు దగ్గఱైనట్లు తెలియుట యెట్లన్న, ఒక కొసన గ్రహింపబడిన కాంతిశక్తి రెండవ కొసనున్న రంగునకు సంక్రమించి, ఆ రంగు వెలుగును. ఈ సంక్రమణము దూరముయొక్క ఆఱవ ఘాతమును అనుసరించి క్షీణించును. పది నానోమీటర్లు దాటినచో లేనట్లే. కావున అణువుల దూరమును కొలుచుటకు ఇంతకంటె సున్నితమైన కొలబద్ద దొరకదు.

రసాయనిక శోధకములకు ఒక పరిమితి గలదు: అవి ఏ కణములో ప్రవేశించునో, కణములోని ఏ భాగమున పేరుకొనునో మన స్వాధీనములో నుండదు. దీనికి పరిష్కారము మరల ఆ జెల్లీచేపయందే దొరకెను. ఈక్వోరినుతోపాటు షిమొమురా వేఱుచేసిన ఆకుపచ్చ ప్రతిదీప్తి ప్రోటీను తనలోని మూడు ఎమైనోఆమ్లములనుండి వెలుగు భాగమును తానే సమకూర్చుకొనును. ఆక్సిజను తప్ప వెలుపలి సహాయ మక్కఱలేదు. దాని జన్యువును డగ్లస్ ప్రాషర్ 1992 లో వేఱుచేయగా, మార్టిన్ చాల్ఫీ 1994 లో దానిని సూక్ష్మజీవులలోను, ఒక చిన్నపురుగులోను వెలిగించెను. ఛెన్ ఆ ప్రోటీనును సంస్కరించి పలురంగులలో తీర్చి, 1997 లో మియవాకి మున్నగువారితో కలిసి, రెండు రంగుల ప్రోటీనుల నడుమ కాల్షియమును పట్టు కాల్మోడ్యులినును అమర్చి, కెమీలియను అను శోధకమును నిర్మించెను. 2001 లో జపానునందు నకాయి రూపొందించిన జికాంప్ అను కాల్షియము శోధకము, దాని తరువాతి సంస్కరణములు నేడు ఎలుక మెదడులో ఏ నాడీకణము ఏ క్షణమున పనిచేయుచున్నదో చూపుచున్నవి. షిమొమురా, చాల్ఫీ, ఛెన్ మువ్వురికిని 2008 లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమానము లభించినది.

సుబ్బారావు నూఱిన కండరమునుండి తీసిన ఎ.టి.పి. ని సైతము నేడు బ్రతికిన కణమునందే చూడవచ్చును. ఇమామురా మున్నగు జపాను శాస్త్రజ్ఞులు 2009 లో నిర్మించిన ఎటీమ్ అను జన్యుశోధకము ఎ.టి.పి. ని పట్టి రూపము మార్చుకొనును. దానితో హీలా అను మానవకణములను పరిశీలింపగా, ఎ.టి.పి. తయారగు మైటోకాండ్రియాల లోపలకంటె వెలుపలి కణద్రవ్యములోనే దాని గాఢత ఎక్కువగా నున్నట్లు తేలినది. తయారైనది తయారైనట్లు వెలుపలికి పంపబడుచున్నదన్నమాట.

ఇంతటి శక్తిగల సాధనమును గూర్చి చెప్పునపుడు దాని మోసమును గూడ చెప్పుట నా విధి యని భావించుచున్నాను. శోధకము సాక్షివంటిది, సాక్షిని అడ్డుప్రశ్నలు వేయక నమ్మరాదు. తీక్ష్ణమైన కాంతి పడినకొలది శోధకము వెలుగు కోల్పోవును; ఆ కాంతియే కణమునకు హాని చేయును. కణములోని ఎన్.ఎ.డి.హెచ్. వంటి సహజపదార్థములును అతినీలలోహిత కాంతిలో నీలముగా వెలుగును గనుక, శోధకము లేని కణమును ముందుగా చూచుకొననిచో ఆ వెలుగును శోధకముదని భ్రమపడవచ్చును. అన్నింటికంటె నన్ను కలవరపెట్టునది డైక్లోరోఫ్లోరెసీను పరీక్ష. కణములో హైడ్రోజను పెరాక్సైడు వంటి ఉగ్రములైన ఆక్సిజను రూపములను కొలుచుటకు వేలకొలది పరిశోధనాపత్రములలో దీనిని వాడుచున్నారు. మన విశ్వవిద్యాలయములలోను వాడుక హెచ్చు. నిజమునకు, ఈ పరీక్షలో వాడు, ఆ రంగుయొక్క వర్ణము లేని రూపము పెరాక్సైడుతో నేరుగా అంతగా చర్యపొందదు. ఇనుము గాని, పెరాక్సిడేజు ఎంజైము గాని మధ్యవర్తియై యుండవలెను. కణములో ఇనుము పెరిగినచో, పెరాక్సైడు పెరుగకున్నను వెలుగు పెరుగును. అంతేకాక, చర్య నడుమ పుట్టు దాని రాడికల్ ఆక్సిజనుతో కలిసి సూపరాక్సైడును పుట్టించి, దానినుండి పెరాక్సైడును కలిగించును. అనగా తాను వెదకుచున్న దానిని తానే సృష్టించి, అది దొరకినదని సాక్ష్యము చెప్పును! పెరాక్సైడును మాత్రమే గుర్తించు బోరోనేటు శోధకములు, హైపర్ అను జన్యుశోధకము వచ్చి చాలకాలమైనను, పాతపరీక్ష చవుకగాను సులభముగాను ఉండుటచే విడువబడుటలేదు. ఈ అలవాటు మానవలసినదే.

కావున జీవశాస్త్రము చదువు యువకులకును, వారికి బోధించు ఆచార్యులకును నా మనవి యొకటి గలదు. చీకటిలో వెలుగు కణముల చిత్రము మీ కంటబడినపుడు దాని సౌందర్యమునకు ఆనందింపుడు. పిమ్మట ఆ వెలుగును తెలిసిన గాఢతలతో సరిపోల్చి లెక్కకట్టిరా, శోధకము లేని కణము ఎట్లు కనబడెను, శోధకమును తగ్గించి పెట్టినపుడును ఇదే ఫలితము వచ్చెనా యని తప్పక అడుగుడు. మీ కళాశాలలో ప్రతిదీప్తి సూక్ష్మదర్శిని కొనుటకు ధనము సమకూడినపుడు, శోధకపు అణువులను తయారుచేసి పరీక్షింపగల రసాయనశాలకును అందులో కొంత కేటాయింపుడని అధికారులను కోరుడు.